జామ్ కుకీ పని అంతా గుంట దగ్గరే

మధ్యలో గుంట పెట్టి జామ్ నింపే కుకీలు చెడిపోతే ముందు ఓవెన్‌ను తిడతారు. పాపం, దాని తప్పు తక్కువ. వెన్న మరీ మెత్తబడటం, జామ్ పల్చగా ఉండటం, ఈ రెండింటి దగ్గరే చాలావరకు పని చెడుతుంది.

ఇరవై కుకీలకు వెన్న 100 గ్రాములు, పొడి చేసిన చక్కెర 50, మైదా 150, కార్న్‌ఫ్లోర్ 15, వెనీలా ఎసెన్స్ అర టీస్పూను. దుకాణంలో దొరికే పసుపుపచ్చ వెన్నలో మామూలుగా ఉప్పు ఉంటుంది, మళ్లీ వేయొద్దు. ఇంట్లో చిలికిన వెన్నలో నీళ్లు ఎక్కువ కాబట్టి కుకీ గుల్లగా రాదు. అంతకన్నా నెయ్యి నయం. నెయ్యి అయితే 80 గ్రాములు చాలు, కాకపోతే పేరుకున్నది కావాలి. పిండి కలవకపోతే ఒకటి రెండు టీస్పూన్ల పాలు చల్లుకోవచ్చు. చక్కెర పొడి చేయకుండా వేస్తే ఓవెన్‌లో కరిగి కుకీ పక్కలకు జారుతుంది. బేకింగ్ పౌడర్ వద్దు, గుంట పూడుకుపోతుంది.

వెన్నను వేలితో నొక్కితే గుంట పడాలి, కానీ కరిగి మెరవకూడదు. అది 32-35 డిగ్రీలకే కరుగుతుంది. మే నెలలో నల్లగొండలోనో మిర్యాలగూడలోనో మధ్యాహ్నం పూట వంటిల్లు అంతకన్నా ఉడుకుగా ఉంటుంది. అందుకే ఎండకాలం ఈ పని పొద్దున్నే పెట్టుకోవాలి. వెన్న, చక్కెర కలిసేదాకా ఒకటి రెండు నిమిషాలు గిలకొడితే చాలు. కేకుకు కొట్టినట్టు నురగ వచ్చేదాకా కొడితే గాలి చేరి కుకీ ఉబ్బి, తర్వాత పరుచుకుంటుంది. మైదా వేశాక చపాతీ పిండిలా పిసకొద్దు, ముద్దయితే ఆపేయాలి.

ఎక్కువమంది ఇక్కడే తారుమారు చేస్తారు. పిండిని ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిపడ్డాక ఉండలు చేసి వేలితో నొక్కుతారు. చల్లటి పిండి వంగదు, అంచు నాలుగు దిక్కులా పగులుతుంది, ఆ పగుళ్లలోంచే జామ్ కారుతుంది. మెత్తగా ఉన్నప్పుడే 15 గ్రాముల ఉండలు చేసి, గుంట పెట్టి, ఆ తర్వాత ట్రేతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. గుంటకు బొటనవేలి కన్నా కొలత చెంచా వీపు మేలు, గుండ్రంగా పడుతుంది. అడుగున అర సెంటీమీటరు మందం ఉండాలి. చిన్న చీలికలుంటే తడి వేలితో రాస్తే పోతాయి.

ఇక జామ్. సీసాలోని మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్‌ను అలాగే వేస్తే వేడికి పల్చబడి, బుడగలొచ్చి పొర్లుతుంది. పది పన్నెండు టీస్పూన్లు చిన్న గిన్నెలో వేసి సన్న సెగ మీద రెండు నిమిషాలు కలపండి. చల్లటి పళ్లెం మీద చుక్క వేసి వేలితో గీస్తే దారి అలాగే నిలవాలి.

ఇంట్లోనే చేస్తామంటే జాంకాయను మించింది లేదు. పండిన జాంకాయలో జామ్‌ను గట్టిపరిచే పెక్టిన్ అనే పదార్థం బాగా ఉంటుంది కాబట్టి తొందరగా గట్టిపడుతుంది. ముక్కలు ఉడికించి, గింజలు పోయేలా జల్లెడ పట్టి, 200 గ్రాముల గుజ్జుకు 150 గ్రాముల చక్కెర, రెండు టీస్పూన్ల నిమ్మరసం వేసి, గరిటె నుంచి జారకుండా ముద్దగా పడేదాకా ఉడికించాలి. పాలమూరు వాళ్లకు బాలానగర్ సీతాఫలం మీద మనసు పోవడం సహజమే కానీ, ఆ గుజ్జు పొయ్యి మీద పెడితే చేదెక్కుతుంది. దాన్ని చల్లగా తినడమే మర్యాద. నల్లగొండ బత్తాయి రసమూ నిలవ ఉన్నా, వేడి తగిలినా చేదు తిరుగుతుంది. గింజ, తెల్ల పొర తీసేసినా జామ్‌లో ఆ చేదు పూర్తిగా పోదు.

ఓవెన్ 170 డిగ్రీలకు పదిహేను నిమిషాలు ముందే కాగాలి. కుకీలను మధ్య అరలో ఎనిమిది నిమిషాలు ఉంచి బయటికి తీస్తే గుంటలు కొంచెం ఉబ్బి ఉంటాయి. చెంచా వీపుతో మళ్లీ మెల్లగా అదిమి, ఒక్కోదాంట్లో అర టీస్పూను జామ్ పెట్టాలి, అంచుకు కొంచెం కిందే ఆపాలి. ట్రేను అటుది ఇటు తిప్పి ఇంకో ఆరేడు నిమిషాలు. అంచు లేత బంగారు రంగుకు తిరగ్గానే తీసేయండి. పైభాగం ఎర్రబడేదాకా ఆగితే అడుగు మాడుతుంది. వేడిమీద మెత్తగానే ఉంటాయి. పది నిమిషాలు ట్రేలోనే వదిలేస్తే గట్టిపడతాయి.

ఓవెన్ లేకపోతే మందపాటి గిన్నెలో ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, మూత వేసి పది నిమిషాలు కాచి చేయొచ్చు. పైన రంగు రాదు, అడుగు చూసి దించాలి.

జామ్ తడి కుకీలోకి దిగుతుంది కాబట్టి రెండో రోజుకే కరకర తగ్గుతుంది. పండుగకు ముందే చేసుకోవాలంటే జామ్ లేకుండా పూర్తిగా కాల్చి, చల్లారాక స్టీలు డబ్బాలో పెట్టి, వడ్డించే రోజున చిక్కబెట్టిన జామ్ వేడివేడిగా గుంటల్లో పోసుకోండి.