ఆరింటికి మొదలైన ఆట

2023 నవంబరు 2, గురువారం. మిర్యాలగూడ దగ్గర నేను పనిచేసే రైసు మిల్లులో ధర్మకాంటా గది. వానాకాలం వడ్లు దిగే రోజులు కాబట్టి గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. నా రాత్రి డ్యూటీ ఆరింటికి అయిపోవాలి. సరిగ్గా ఆ ఆరింటికే, అంటే రియోలో బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకు, బ్రెజిల్ ఫుట్‌బాల్ లీగులో బొటాఫోగోకూ పాల్మెయిరాస్‌కూ ఆట మొదలైంది. నా తర్వాత రావలసిన అబ్బాయి రాలేదు. అందుకే ఆ ఆటను ఫోనులో నిమిషం నిమిషానికీ వచ్చే అక్షరాల్లోనే చూశాను. ఒక చేత్తో తూకం చీటీలు కొడుతూ, రెండో చేత్తో తెరను పైకి జరుపుతూ.

మర్రిగూడ మండలంలో పుట్టినవాడికి బ్రెజిల్ జట్టు మీద ఇంత పట్టింపేమిటని మిల్లులో చాలామంది అడుగుతారు. అది ముందే చెప్పాలి.

మా మండలం నీళ్ల సంగతి నల్గొండ జిల్లాలో తెలియనివారు లేరు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడు మా బోర్లలో అంతకు మించి ఉండేది. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చేసరికి నేను పెద్దవాణ్ణయిపోయాను. నా మోకాళ్లు చిన్నప్పుడే లోపలికి తిరిగాయి. మా వీధిలో నాకంటే ఎక్కువగా వంకర తిరిగిన కాళ్లున్న పిల్లలు ఇంకో నలుగురు ఉండేవారు. బడిలో ఆటల పీరియడ్ వస్తే మేము చెట్టు కింద కూర్చుని అందరి చెప్పులకూ కాపలా ఉండేవాళ్లం.

2002లో ప్రపంచ కప్పు జరుగుతున్నప్పుడు ఒక ఆదివారం అనుబంధంలో పాత బ్రెజిల్ ఆటగాళ్ల ఫోటోలు వేశారు. అందులో ఒకాయన కాళ్లు రెండూ ఒకే వైపుకు వంగి ఉన్నాయి. ఒక కాలు లోపలికి, ఒక కాలు బయటికి. ఆ కాళ్లు చూడగానే మా ఊరి మనిషే అనుకున్నాను. కింద పేరు గారించా అని ఉంది. పుట్టుకతోనే వంకర కాళ్లున్న ఆయన 1958, 1962 ప్రపంచ కప్పులు గెలిచిన జట్లలో ఆడాడు. ఆయనా పేలే కలిసి దిగిన ఏ ఆటలోనూ బ్రెజిల్ ఓడిపోలేదు. ఎదుటివాణ్ణి కుడివైపు నుంచే దాటిపోతాడని అందరికీ తెలుసట, అయినా ఆపలేకపోయేవారట. ఆ కాగితం కత్తిరించి లెక్కల పుస్తకంలో పెట్టుకున్నాను. ఆయన ఎక్కువ కాలం ఆడిన క్లబ్బు బొటాఫోగో. నలుపు తెలుపు చారల చొక్కా, గుండె మీద ఒంటరి నక్షత్రం. అప్పటి నుంచి అదే నా జట్టు. చేతికి ఇంటర్నెట్ ఫోను వచ్చాక ఏ ఒక్క సీజనూ వదల్లేదు.

ఇక 2023. బ్రెజిల్ లీగులో 20 జట్లు. ఏప్రిల్‌లో మొదలై డిసెంబరు దాకా ప్రతి జట్టూ 38 ఆటలు ఆడుతుంది. చివర్లో సెమీఫైనలూ ఫైనలూ ఏమీ ఉండవు. మొత్తం పాయింట్లు ఎవరివి ఎక్కువైతే కప్పు వాళ్లది. గెలిస్తే 3, డ్రా అయితే 1. బొటాఫోగో చివరిసారి ఈ లీగు గెలిచింది 1995లో. అలాంటి జట్టు ఆ ఏడాది మొదటి 19 ఆటల్లో 15 గెలిచింది, రెండే ఓడింది. 47 పాయింట్లు. సీజను సగం అయ్యేసరికి అంతకంటే ఎక్కువ పాయింట్లు ఈ పద్ధతిలో అంతకుముందు ఎవరికీ రాలేదు. ఒక దశలో రెండో స్థానంలో ఉన్న జట్టుకంటే 13 పాయింట్లు ముందున్నాం. అందరూ మాదే కప్పు అనుకున్నారు, నేను కూడా.

కోచ్ లుయిస్ కాస్ట్రో జూన్ చివర్లో సౌదీకి, రొనాల్డో ఆడే అల్ నస్ర్‌కు వెళ్లిపోయాడు. సగంలో పంట వదిలి పోయినట్టు అనిపించింది. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. తర్వాత బ్రూనో లాగే వచ్చాడు, అక్టోబరులో ఆయన్నీ తీసేశారు. మధ్యలో తాత్కాలికంగా చూసుకున్నవాళ్లను కూడా కలిపితే ఒక్క సీజనులో అయిదుగురు. ఇంత మంది చేతులు మారితే ఏ పనైనా గాడి తప్పుతుంది.

ఆ గురువారం ఉదయానికి వస్తాను. సగం ఆట అయ్యేసరికి స్కోరు 3-0. మాదే ఆధిక్యం, అదీ మా సొంత నిల్టన్ సాంటోస్ మైదానంలో. హమాలీలకు టీ చెప్పాను. రెండో సగం మొదలు కాగానే పాల్మెయిరాస్ ఆటగాడు ఎండ్రిక్ ఒక గోల్ కొట్టాడు. ఆ పిల్లవాడికి అప్పటికి 17 ఏళ్లు. ఫరవాలేదు, 3-1. తర్వాత మా డిఫెండర్ అడ్రియెల్సన్‌కు రెడ్ కార్డు. పదిమందే మిగిలారు. అయినా మాకు పెనాల్టీ వచ్చింది.

అప్పుడు ఒక ట్రాక్టరు కాంటా మీదికి ఎక్కింది. పెనాల్టీ కొట్టబోయేది టికిన్యో సోవారెస్, ఆ ఏడాది మాకు అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు. డబ్బా మీద ఎర్ర అంకెలు అటూ ఇటూ ఊగుతున్నాయి, నిలబడటం లేదు. డ్రైవరు ఇంజను ఆపకపోతే అలాగే ఊగుతాయి. ఇంజను ఆపమని కేకేశాను. ఇంజను ఆగింది, అంకెలు నిలిచాయి, చీటీ కొట్టి ఫోను వైపు తిరిగేసరికి గోల్‌కీపర్ వెవెర్టన్ ఆపేశాడని వచ్చింది. దాని కింద వరుసలోనే ఎండ్రిక్ రెండో గోల్. 3-2. ఆఖరి నిమిషాల్లో ఫ్లాకో లోపెజ్, 3-3. అదనపు సమయంలో మురిలో, 3-4.

హమాలీల మేస్త్రీ టీ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉందన్నాను.

ఆ ఓటమి ఒక్కటైతే తట్టుకునేవాళ్లం. వారం తిరగకముందే వాస్కో చేతిలో 0-1. మూడు రోజులకు గ్రేమియోతో, వాస్కో వాళ్ల సావో జనువారియో మైదానంలో, 3-1 ఆధిక్యంలో ఉండి 3-4తో ఓడిపోయాం. లుయిస్ సువారెజ్ ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఆ తర్వాత వరుసగా డ్రాలు. మా పనిలో తరుగు అనే మాట ఉంది. వడ్లలో తేమ నూటికి 17 దాటితే క్వింటాలుకు కొన్ని కిలోలు కోస్తారు. ఆ మాట చెప్పినప్పుడు రైతు ముఖం ఎలా మారుతుందో నేను రోజూ చూస్తాను. గెలవాల్సిన ఆట డ్రా అయితే రెండు పాయింట్లు తరుగు. బ్రగాంటినో, ఫొర్తలేజా, సాంటోస్, కొరిటీబా, క్రుజేరో, అయిదు ఆటలకూ అదే తరుగు.

కొరిటీబాతో ఆట మన శాసనసభ ఎన్నికల రోజున, నవంబరు 30న పడింది. అదనపు సమయంలో మావాళ్లు గోల్ కొట్టారు, ఇక గెలిచామనుకున్నాను. అదే అదనపు సమయంలో గోల్ ఇచ్చేశారు. 1-1. ఓటు వేయడానికి మొదటి బస్సుకు మర్రిగూడ వెళ్లాను. వరుసలో నా ముందు మా వీధి స్నేహితుడు కర్ర ఆనుకుని నిలబడ్డాడు, చెప్పుల కాపలాలో నా పక్కన కూర్చునేవాడు. వాడికి ఈ కథంతా చెప్పాను. ఆ పెనాల్టీ వేరేవాడు కొట్టాల్సింది అన్నాడు. నేను కాదన్నాను. ఏడాది పొడవునా గోల్స్ కొట్టినవాడు కాక ఇంకెవరు కొడతారు? ఈ మాట ఇప్పటికీ అంటాను.

చివరి 11 ఆటల్లో ఒక్క గెలుపూ లేదు. ఆరు డ్రాలు, అయిదు ఓటములు. డిసెంబరు 6న సీజను ముగిసేసరికి పాల్మెయిరాస్ 70, గ్రేమియో 68, అట్లెటికో మినేరో, ఫ్లమెంగో చెరో 66, బొటాఫోగో 64. అయిదో స్థానం. అదే రోజు పేలే ఆడిన క్లబ్బు సాంటోస్ తన చరిత్రలో మొదటిసారి కింది లీగుకు జారిపోయింది. పేలే చనిపోయి ఏడాది కూడా కాలేదు. నా బాధలో ఉండి కూడా వాళ్ల కోసం కాసేపు ఆగిపోయాను.

పాడైపోయిన తూకం చీటీ వెనక ఒక లెక్క వేశాను. నవంబరు 1 రాత్రి ఆట గెలిచి ఉంటే మాకు 67, పాల్మెయిరాస్‌కూ 67. దానికి తోడు ఆ డ్రాల్లో ఏ ఒక్కటి గెలుపైనా 69. గ్రేమియో కంటే కూడా ఒకటి ఎక్కువ. ఒక పెనాల్టీ, ఇంకొక గోల్. ఆ చీటీ ఇప్పటికీ కాంటా గది సొరుగులోనే ఉంది.

మరుసటి ఏడాది మళ్లీ అదే చోటికి వచ్చాం. 2024 నవంబరు చివర్లో, మూడు ఆటలు మిగిలి ఉండగా, ఈసారి పాల్మెయిరాస్ మైదానంలో ఆట. మాకు మళ్లీ ఉదయం ఆరు. ఈసారి డ్యూటీ దిగి, గేటు పక్క అరుగు మీద కూర్చుని చూశాను. 1-0 అయినా, 2-0 అయినా నేను కదలలేదు. చివర్లో మూడో గోల్ పడింది. కొట్టింది అడ్రియెల్సన్. ముందటి ఏడాది రెడ్ కార్డుతో తల వంచుకుని వెళ్లిన అడ్రియెల్సన్. ఫ్రాన్స్‌లోని లియోన్ క్లబ్బుకు వెళ్లి, అక్కడి నుంచి తిరిగి వచ్చినవాడు. ఆట 3-1తో ముగిసింది. ఆ నాలుగు రోజులకు దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పు కోపా లిబర్టడోరెస్, డిసెంబరు 8న 79 పాయింట్లతో లీగు కప్పు, రెండూ వచ్చాయి. కానీ నాకు ఆ గోల్ పడ్డ క్షణమే గుర్తుంటుంది.

అరుగు మీద నుంచి లేచి గట్టిగా అరిచాను. బారులో ముందున్న ట్రాక్టరు డ్రైవరు కంగారుగా దిగి వచ్చాడు.

"ఏమైంది సార్?"

"అడ్రియెల్సన్ గోల్ కొట్టాడు."

"మీ ఊరాయనా?"

"మా ఊరాయనే" అన్నాను.