రెండు ముప్పై తొమ్మిదులు

బడి జ్ఞాపకాలు ఒక పేజీకి మించకుండా పంపమని సంచిక కమిటీ అడిగింది. లాకుల దగ్గర జరిగినది రాయవద్దని మన లీడరు ముందే ఫోను చేసి మాట తీసుకుంది కనుక అది రాయను. తాటిముంజెల కేసు గురించి ఎలాగూ చివరి బెంచీ వాళ్లు రాస్తారు. నేను బోర్డు మీద సంవత్సరాలు రాసి తీసివేయమనే మన తీసివేతల మాస్టారి గురించే రాస్తాను. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నాకు వేరే ఏదీ అంతగా గుర్తులేదు.

1989లో దసరా సెలవులు ముగిసి బడి తెరిచిన రోజు. మనం పదో తరగతి. మాస్టారు జేబులోంచి మడతపెట్టిన పేపరు ముక్క తీసి, ఎవరినీ పలకరించకుండా బోర్డు మీద రాయడం మొదలుపెట్టారు. 1950. దాని కింద 1958, 1968, 1972, 1974, 1980, 1983. అన్నిటికన్నా కింద 1989. తర్వాత ఎప్పటిలాగే "తీసివేయండి" అన్నారు.

ఎనిమిది, పది, నాలుగు, రెండు, ఆరు, మూడు, ఆరు. మన మొదటి బెంచీ కవలలే ముందు చెప్పారు. అప్పుడు ఆ సంవత్సరాల పక్కన ఒక్కొక్క మాటే చేర్చారు. న్యాయవాదిగా నమోదు, మున్సిఫ్ (కింది కోర్టు జడ్జి), సబ్ జడ్జి, చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్, జిల్లా సెషన్స్ జడ్జి, ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ సభ్యురాలు, కేరళ హైకోర్టు న్యాయమూర్తి. చివరి అంకె పక్కన సుప్రీంకోర్టు. పైన పేరు రాశారు: జస్టిస్ ఫాతిమా బీవీ, సుప్రీంకోర్టు మొదటి మహిళా న్యాయమూర్తి.

సైన్సు చదివిన ఆ కేరళ పత్తనంతిట్ట అమ్మాయిని లా చదవమన్నది తండ్రి. ఆయన కళ్ల ముందు ఆదర్శంగా అన్నా చాందీ ఉన్నారు. 1937లోనే తిరువాన్కూరు సంస్థానంలో మున్సిఫ్ అయి, 1959లో హైకోర్టు న్యాయమూర్తి అయినవారు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో 1978లోనే జస్టిస్ అమరేశ్వరి ఉన్నారని కూడా మాస్టారు చెప్పారు. ఢిల్లీలో సుప్రీంకోర్టులో మాత్రం ఆ అక్టోబరు 6 వరకు మహిళా జడ్జి ఒక్కరూ లేరు. పైగా ఫాతిమా బీవీ అప్పటికే ఏప్రిల్ 29న హైకోర్టులో పదవీ విరమణ చేశారు.

"మధ్యలో ఎంత కాలం?"

"అయిదు నెలల ఏడు రోజులు, మాస్టారూ." ఆ జవాబు నాది. క్లాసులో నేను నోరు తెరిచి చెప్పిన మొదటి జవాబు అదే.

మాస్టారు మన కాలువ మీది లొల్ల లాకుల సంగతి ఎత్తారు. "పడవ పైకి రావాలంటే నీళ్లు నిండేదాకా ఆగాలి. ఆగడమంటే నిద్రపోవడం కాదు. గోడకు తగలకుండా సరంగు గెడ పట్టుకునే ఉంటాడు." మనలో సగం మంది నవ్వారు, ఎందుకో మీకు తెలుసు. ఆయన నవ్వలేదు. 1989లోంచి 1950 తీసివేయమన్నారు. ముప్పై తొమ్మిది. "ఆవిడ నల్లకోటు వేసుకుని ముప్పై తొమ్మిదేళ్లు. సుప్రీంకోర్టు పుట్టింది కూడా 1950లోనే. అక్కడా ముప్పై తొమ్మిదే. మొదటిది ఆవిడ కష్టం. మరి రెండోది ఎవరి బాకీ?"

ఎవరమూ జవాబు చెప్పలేదు. చెప్పేదాకా బోర్డు తుడవవద్దన్నారు. లెక్కల మేడం వారం రోజులు ఆ అంకెల పక్కన మిగిలిన జాగాలోనే పాఠం చెప్పారు.

తర్వాత రాజమండ్రి, లా, అమలాపురం కోర్టు. అదంతా వదిలేస్తున్నాను. 1998లో నమోదయ్యాను. మొదటి రెండేళ్లు మా సీనియరు గారి కట్టలు మోస్తూ వాయిదాలు రాసుకున్నాను. 2007లో జడ్జిగా ఎంపికైనప్పుడు పూతరేకులు తీసుకుని మాస్టారింటికి వెళ్లాను. చూపు బాగా తగ్గింది. గొంతు విని గుర్తుపట్టారు. "నమోదై ఎన్నేళ్లకు అమ్మా?" అని అడిగారు.

"తొమ్మిది, మాస్టారూ."

"ఆవిడకు ఎనిమిది. ఒక్క ఏడాదే ఆలస్యం." ఇంత సంతోషంగా ఆయన నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. పిన్నిగారు లోపలి నుంచి వచ్చి, ఈయన ఎందుకు నవ్వుతున్నారని నన్ను అడిగారు.

2023 నవంబరు 23న ఫాతిమా బీవీ కన్నుమూసిన వార్త తెలిసింది. ఆవిడకు 96 ఏళ్లు. అప్పటికి మాస్టారు లేరు. సాయంత్రం కోర్టు ముగిశాక ఛాంబరులో కూర్చుని ఒక కాగితం మీద ఆ ఎనిమిది అంకెలూ వరుసగా రాశాను. ఒక్కటి కూడా మరిచిపోలేదు. కింద రెండు ముప్పై తొమ్మిదులూ రాసి, రెండోదాని కింద గీత గీశాను. మా కోర్టులో ఆ రోజు వాదించిన న్యాయవాదుల్లో నలుగురు ఆడపిల్లలు. వాళ్లలో ఒకమ్మాయి మన క్లాసులో మనం బొబ్బట్టు అని పిలిచిన స్నేహితురాలి కూతురు. తన ముందు నేను ఎంత గర్వపడ్డానో తనకు తెలియదు, వాళ్లమ్మకు ఇప్పుడు తెలుస్తుంది.

కమిటీ వారికి ఒక మనవి. పేరు కింద హోదా వేస్తామన్నారు. అది వద్దు. 1998, 2007, 2015, 2022 అని వేయండి. మన బ్యాచ్ తీసివేసుకుంటుంది.