మేడమ్ గీయమన్న ఖాళీ

నా హిస్టాలజీ (కణజాలాల్ని మైక్రోస్కోపులో చూసి నేర్చుకునే పాఠం) రికార్డులో కిడ్నీ బొమ్మ పక్కన మేడమ్ ఎర్ర సిరాతో రాసిన రెండు మాటలు ఇప్పటికీ ఉన్నాయి: "ఖాళీ ఏది?"

ఆ ల్యాబ్ మన బ్యాచ్‌లో ఎవరు మర్చిపోతారు! గులాబీ, ఊదా పెన్సిళ్లు చెక్కుకుని కూర్చునేవాళ్లం. కిడ్నీ పైపొర కార్టెక్స్‌లో గ్లొమెరులస్‌ని పట్టుకోవడం కష్టం కాదు. అదొక సన్నటి రక్తనాళాల ఉండ. మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది, అంతే. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షలు. నేను ఆ ఉండని శ్రద్ధగా గీసి, చుట్టూ ఉండే బౌమన్ తొడుగుని దానికి అంటించేశాను.

మేడమ్ స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు. "ఉండకీ తొడుగుకీ మధ్య నెలవంకలా తెల్లగా ఏముందమ్మా?"

"ఏమీ లేదు మేడమ్, ఖాళీయే."

"రక్తం నుంచి వడకట్టిన నీరు మొదట దిగేది అందులోకే. రోజుకు 180 లీటర్లు. అందులో మూత్రంగా పోయేది లీటరున్నర. మిగతాదంతా గొట్టాలు వెనక్కి పీల్చుకుంటాయి. ఆ ఖాళీ గియ్యి."

ఈ ఉండల్ని 17వ శతాబ్దంలోనే ఇటలీ శాస్త్రవేత్త మాల్పీజీ చూశాడనీ, వాటి తొడుగే సాగి గొట్టంగా మారుతుందని 1842లో ఇంగ్లండ్ డాక్టరు బౌమన్ తేల్చాడనీ ఆ రోజే చెప్పారు. అప్పటికి బౌమన్‌కి 25 ఏళ్లు. మాకంటే ఏడేళ్లే పెద్ద! నాకు ఒళ్లు జలదరించింది. వడపోత గోడలో పోడోసైట్ల (ఆ రక్తనాళాల్ని చుట్టుకునే కణాల) పాదాలు ఎలా అల్లుకుంటాయో చెప్పడానికి రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి చూపించారు. అంత సన్నటి సందులు మా మైక్రోస్కోపుకి అందవు. ఆ వేళ్లే మాకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు.

పెథాలజీలో పీజీ చేస్తుండగా ఒక కిడ్నీ బయాప్సీ (పరీక్షకు తీసిన చిన్న ముక్క) వచ్చింది. మనిషి వారం రోజుల్లో వాచిపోయాడు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) రోజురోజుకీ పెరుగుతోంది. స్లయిడ్ పెట్టగానే నా కళ్లు తెల్ల నెలవంక కోసం వెతికాయి. లేదు. ఆ చోటంతా కణాలు కిక్కిరిసి, ఉండని ఒక మూలకి నొక్కేశాయి. పక్కదాంట్లోనూ అంతే. లెక్కపెడితే సగానికి పైగా గ్లొమెరులస్‌లలో ఖాళీ పూడిపోయి ఉంది. ఖాళీని పూడ్చే ఆ కణాల నెలవంకల్ని క్రెసెంట్లు అంటాం. అలాంటి కేసులో ఒక్కో రోజు ఆలస్యమైతే కొన్ని ఉండలు శాశ్వతంగా పోతాయి.

మా సార్‌కి స్లయిడ్ చూపించాను. రిపోర్టు టైపయ్యేదాకా ఆగకుండా ఆయనే నెఫ్రాలజీ వార్డుకు ఫోన్ చేశారు. ఆ సాయంత్రమే స్టెరాయిడ్ డ్రిప్ మొదలైంది.