మారనెల్లో గేటు దగ్గర ఎఫ్40

ఫెరారీ, లాంబోర్గిని, మసెరాటి, పగాని. ఈ నాలుగూ ఉత్తర ఇటలీలో, మన దగ్గరి ఒక చిన్న జిల్లా అంత చోటులోనే తయారవుతున్నాయి. మోడెనా ఊరు మధ్యలో ఉంది, మసెరాటి అక్కడే. దక్షిణాన ఫెరారీ ఉన్న మారనెల్లో, ఆగ్నేయాన పగాని ఉన్న శాన్ చెజారియో, తూర్పున లాంబోర్గిని ఉన్న సాంతాగాతా బొలోన్యేసే. మోడెనా నుంచి ఏ ఊరికైనా పాతిక కిలోమీటర్ల లోపే ఉంటుంది. చుట్టూ పొలాలు, ద్రాక్ష తోటలు, పశువుల కొట్టాలు. ప్రపంచంలో అతి అరుదైన కార్లు ఈ పల్లెల్లో పుడుతున్నాయని కళ్ళతో చూసేదాకా నాకు పూర్తిగా నమ్మకం కలగలేదు.

చిన్నప్పుడు గుంటూరులో వేసవి సెలవుల్లో మేం ట్రంప్ కార్డులు ఆడేవాళ్ళం. ఇంజిన్ సీసీ, టాప్ స్పీడ్, సిలిండర్లు చెప్పి ఎదుటివాడి కార్డు గెలుచుకునే ఆట. లాంబోర్గిని కౌంటాష్, ఫెరారీ ఎఫ్40 అనే పేర్లు నాకు అక్కడే తెలిశాయి. ఇప్పుడు ఉద్యోగం మ్యూనిక్‌లో. అక్కడి నుంచి ఆల్ప్స్ దాటి బొలోన్యా వెళ్ళే రైలు నేరుగానే ఉంది. హన్మకొండలో ఉండే మా పిన్ని కొడుకు బొలోన్యాలో ఆటోమొబైల్ ఇంజినీరింగ్ చదువుతున్నాడు. అక్కడి నాలుగు విశ్వవిద్యాలయాలు ఈ కార్ల కంపెనీలతో కలిసి నడిపే కోర్సు అది. మే నెలలో వాడి దగ్గరికి వెళ్ళాను. పోప్లర్ చెట్ల దూది గాలిలో తేలుతూ రైలు పట్టాల మీద తెల్లగా పేరుకుని ఉంది.

మోడెనా స్టేషన్ నుంచి, ఫెరారీ కంపెనీ స్థాపకుడి పేరు పెట్టుకున్న ఎన్జో ఫెరారీ మ్యూజియంకి నడిచే వెళ్ళొచ్చు. పసుపు రంగు పైకప్పు దూరం నుంచే కనిపిస్తుంది. ఆ పసుపు మోడెనా ఊరి రంగు. ఫెరారీ గుర్తులో గుర్రం వెనకాల ఉండేదీ అదే. పక్కనే ఎన్జో తండ్రి నడిపిన లోహపు పనుల షెడ్డును బాగుచేసి ఉంచారు. 1898లో ఎన్జో పుట్టింది ఈ ఇంటివాళ్ళకే. భవనం చాలా అందంగా ఉంది గానీ నా మనసంతా మారనెల్లో మీద ఉండటంతో అక్కడ ఎక్కువసేపు నిలవలేకపోయాను. రెండు మ్యూజియంల మధ్య షటిల్ బస్సు తిరుగుతుంది, అదెక్కాం.

మారనెల్లోలో దిగగానే అర్థమయ్యేది ఒక్కటే, ఈ ఊరి బతుకంతా ఫెరారీ ఫ్యాక్టరీ ఎర్ర గేటు చుట్టూ అల్లుకుని ఉందని. 1943లో యుద్ధకాలంలో ఎన్జో తన ఫ్యాక్టరీని మోడెనా నుంచి ఇక్కడికి మార్చారు. 1947 మార్చిలో 125 ఎస్ అనే మొదటి ఫెరారీ ఇక్కడే గేటు దాటి రోడ్డెక్కింది. లీటరున్నర ఇంజిన్, అంత చిన్నదానిలో పన్నెండు సిలిండర్లు. ఫార్ములా వన్ రేసులో ఫెరారీ గెలిస్తే ఊరి చర్చిలో గంటలు కొట్టే ఆనవాయితీ కూడా ఈ ఊరిదే.

మ్యూజియంలో ఆ రోజు ఒక 250 జీటీఓ ఉంది. ఎవరో యజమాని కొన్నాళ్ళ ప్రదర్శన కోసం ఇచ్చిన కారు. 1962 నుంచి 1964 దాకా తయారైనవి మొత్తం 36. ఈ రకానిదే ఒకటి 2023 నవంబర్‌లో న్యూయార్క్ వేలంలో 5 కోట్ల 17 లక్షల డాలర్లకు పోయింది. దాని ముందు నిలబడినప్పుడు మాత్రం డబ్బు గుర్తు రాలేదు. నా కళ్ళు అల్యూమినియం రేకు మీదే ఉండిపోయాయి. మోడెనాలో కార్ల ఒళ్ళు తయారుచేసే స్కాలియెట్టి షెడ్డులో సుత్తితో కొట్టి వంచిన రేకు అది. లైటు కిందకి వంగి చూస్తే ఉపరితలం ఎక్కడా యంత్రం చేసినట్టు సమంగా ఉండదు. చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ మళ్ళీ మొదలైందో తెలుస్తున్నట్టే ఉంది. ముక్కు మీద గాలి కోసం మూడు చిన్న కిటికీలు. మూడు లీటర్ల వి-12, అంటే వి ఆకారంలో పన్నెండు సిలిండర్లున్న ఇంజిన్. దానికి పెట్రోల్‌ను గాలితో కలిపి పంపే వెబర్ కార్బ్యురేటర్లు ఆరు.

ఈ కారు పని మొదలుపెట్టిన ఇంజినీరు జొట్టో బిజ్జారీని. 1961 చివర ఎన్జోతో పడక ముఖ్యమైన అధికారులంతా ఒకేసారి బయటికొచ్చినప్పుడు ఆయనా వెళ్ళిపోయారు. మిగిలిన పని ఇరవై ఆరేళ్ళ మౌరో ఫోర్గియేరీ చేతిలో పడింది. బిజ్జారీని పేరు గుర్తుపెట్టుకోండి, సాంతాగాతాలో మళ్ళీ వస్తుంది.

మ్యూజియం నుంచి బయటికొచ్చి ఫ్యాక్టరీ గేటు వైపు నడిచాం. ఎదురుగా కావల్లీనో హోటల్, ఎన్జో భోజనం చేసిన చోటు. రోడ్డు మీద నలుపు తెలుపు స్టిక్కర్లతో ఒళ్ళంతా కప్పేసిన కొత్త మోడల్ ఒకటి వెళ్ళింది, టెస్టింగ్‌కి. "అన్నా, ఈ ఊర్లో ఇంజిన్ చప్పుడు వింటే తల తిప్పేటోళ్ళు మనలాంటోళ్ళే. ఇక్కడోళ్ళకు అలవాటైపోయింది" అన్నాడు మా తమ్ముడు. వాడు ఆ మాట అంటుండగానే వెనక నుంచి వేరే రకం చప్పుడు వినిపించింది. గరగరమని, పొడిగా, మధ్యలో ఈల వేసినట్టు టర్బో శబ్దం. గేటు దగ్గర ఎఫ్40 వచ్చి ఆగింది. నంబర్ ప్లేటు జర్మనీది.

పాత కార్లను బాగుచేసి, అసలైనవని ధ్రువీకరించే విభాగం ఫ్యాక్టరీలోనే ఉంది. ఈ కారు అందుకే వచ్చింది. లోపలికి పంపడానికి కాస్త సమయం పడుతుందన్నారేమో, ఇంజిన్ ఆపి ఒక పెద్దాయన దిగారు. వయసు డెబ్బై దాటి ఉంటుంది. నేను జర్మన్‌లో నమస్కారం చెప్పి, దగ్గరికి వచ్చి చూడొచ్చా అని అడిగాను. చెయ్యి ఊపి రమ్మన్నారు.

ఎఫ్40 గురించి చదివినవన్నీ ఒక్కొక్కటిగా కళ్ళముందు కనిపిస్తుంటే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. బరువు పెరగకూడదని పెయింట్ ఎంత పల్చగా వేశారంటే, ఎండలో పక్క నుంచి చూస్తే ఎర్ర రంగు కింద కార్బన్ ఫైబర్ నేత గళ్ళుగళ్ళుగా కనిపించింది. లోపల డోర్ తెరవడానికి హ్యాండిల్ లేదు, ఒక తీగ ఉంది. దాన్ని లాగాలి. రేడియో లేదు, కింద కార్పెట్ లేదు. కొన్నిచోట్ల అతుకు జిగురు పైకే కనిపిస్తోంది. వెనక ఇంజిన్ మీద చీలికలు పెట్టిన ప్లాస్టిక్ అద్దం. దాని కింద 2.9 లీటర్ల వి-8, రెండు టర్బోలు, 478 హార్స్ పవర్. వేడి ఆ చీలికల్లోంచి సెగగా ముఖానికి తగిలింది, పెట్రోల్ వాసనతో కలిసి. 1987లో కంపెనీ నలభయ్యో ఏట విడుదలైంది. మరుసటి ఏడాది ఆగస్టులో ఎన్జో కన్నుమూశారు. ఆయన బతికుండగా ఆమోదించిన చివరి ఫెరారీ ఇదే. మొదట నాలుగొందలు చేస్తే చాలనుకున్నారు, కొనేవాళ్ళ ఒత్తిడితో పదమూడు వందలు దాటాయి. అందుకని కొందరు దీన్ని అరుదైనవాటిలో లెక్కపెట్టరు. నేను ఒప్పుకోను. తన చివరి రోజుల్లో ఎన్జోకి కారంటే ఏమిటో ఇంత నిక్కచ్చిగా చెప్పే బండి ఇంకోటి లేదు.

ఆల్ప్స్ మీదుగా దీన్ని నడుపుకుంటూ వచ్చారా అని అడిగాను. "ట్రక్కు మీద తేవడానికి ఇదేమైనా ఫ్రిజ్జా?" అన్నారాయన, చాలా సీరియస్‌గానే. నడపకుండా ఉంచితే రబ్బరు సీళ్ళు ఎండిపోతాయట. పెట్రోల్ ట్యాంకుల లోపల రబ్బరు సంచులకు కాలపరిమితి ఉంటుందట. మూడున్నర వేల ఆర్పీఎం దాకా కారు నిద్రలో ఉంటుందనీ, ఆ తర్వాత రెండు టర్బోలూ లేచేసరికి చేతులు స్టీరింగ్ మీద గట్టిగా ఉండాలనీ చెప్పారు. నన్ను కూర్చోమన్నారు. ఆ ఎర్ర గుడ్డ సీటులో, కాళ్ళు ముందుకు చాపి, గేర్ లివర్ మీది నల్ల గుండు పట్టుకున్నాను. గేటు తెరుచుకునేదాకా అలా కూర్చోనిచ్చారు.

హైదరాబాద్ చౌమహల్లా పాలెస్‌లో నిజాం కోసం చేయించిన 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ ఉంది. చూసిన ప్రతిసారీ నాకు అది తన జీవితంలో రోడ్డు మీద తిరిగింది ఎంత తక్కువో గుర్తొస్తుంది. ఆ జర్మన్ పెద్దాయన కారు ముందుభాగం నిండా రాళ్ళు తగిలిన మచ్చలే. ఆ మచ్చలున్న కారే నాకు ఎక్కువ నచ్చింది.

మోడెనా ఊరి చివర ఓంబ్రె అనే పశువుల ఫారం ఉంది. ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళాలి. గేటు దాటగానే ఆవుల వాసన, ఎండుగడ్డి మోపులు, పార్మిజానో చీజ్ చేసే గది. ఒక్కో చీజ్ చక్రం దాదాపు నలభై కిలోలు, దానికి ఐదొందల లీటర్లకు పైగా పాలు పడతాయి. ఏడాదికి తక్కువ కాకుండా మాగనిస్తారు. దాని పక్క భవనంలోనే ప్రపంచంలో ఎంతో విలువైన మసెరాటి సేకరణ ఉంది. ఫుట్‌బాల్ స్టిక్కర్లతో పేరుపొందిన పనీని కుటుంబంలోని ఉంబెర్టో పనీనిది ఈ ఫారం. కంపెనీ చేతులు మారాక 1996లో పాత మసెరాటి కార్లన్నీ లండన్ వేలానికి వెళ్ళబోతుంటే, మోడెనా చరిత్ర మోడెనా దాటకూడదని పట్టుబట్టి ఆయన కొనేశారు. 2013లో ఆయన పోయారు. కుటుంబం ఇప్పటికీ వాటిని జాగ్రత్తగా చూసుకుంటోంది.

అక్కడ నన్ను నిలబెట్టేసింది 1958 నాటి ఎల్డొరాడో. ఒకే ఒక్కటి తయారైంది. ఇటలీ రేసు కార్లన్నీ ఎర్రగా ఉండే కాలంలో దీనికి తెల్ల రంగు, పక్కన నవ్వుతున్న కౌబాయ్ బొమ్మ. ఐస్‌క్రీం కంపెనీ డబ్బుతో నడిచిన కారు మరి. కార్లతో సంబంధం లేని వ్యాపారం పేరు ఒంటినిండా రాసుకుని యూరప్‌లో రేసుకి దిగిన మొదటి కార్లలో ఇదొకటి. మోంజా ట్రాక్‌లో రేసర్ స్టిర్లింగ్ మాస్ దీన్ని నడుపుతుండగా స్టీరింగ్ విరిగి గోడను రాసుకుంటూ పోయింది. ఆయనకు ఏమీ కాలేదు. ఆ కారుని అడుగు దూరం నుంచి చూడొచ్చు, మధ్యలో అద్దం లేదు. దాని వెనక నాలుగే తయారైన ఏ6జీసీఎస్ బెర్లినెట్టాల్లో ఒకటి, కార్ల డిజైనర్ పినిన్ ఫరీనా గీసిన ఒళ్ళు. అంత అందమైన పైకప్పు గీత నేనింకే కారులోనూ చూడలేదు.

బయటికొచ్చాక చీజ్ కొన్నాం. ఈ ప్రాంతపు పాల ఫారాల్లో పంజాబీలు చాలామంది పనిచేస్తారు. బస్‌స్టాప్‌లో కలిసిన ఒకాయన అలాంటి ఒక ఫారంలో పని చేసి ఇంటికి వెళ్తున్నారు. మేం ఇండియా నుంచి కార్లు చూడ్డానికి వచ్చామంటే హిందీలో, "కార్లు బాగానే ఉంటాయి పుత్తర్, కానీ ఆవులను కూడా చూసి వెళ్ళండి" అన్నారు. చూశాం అని చెబితే సంతోషించారు.

శాన్ చెజారియోలో పగాని. ఓరాసియో పగాని అర్జెంటీనాలోని కసిల్డా అనే ఊరివాడు. 1983లో ఐదుసార్ల ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ ఫాంజియో రాసిచ్చిన సిఫార్సు ఉత్తరాలతో ఇటలీ వచ్చి లాంబోర్గినిలో చేరాడు. కార్బన్ ఫైబర్‌ను వేడితో, ఒత్తిడితో గట్టిపరిచే ఆటోక్లేవ్ కొనమని అడిగితే, ఫెరారీకే లేదు మనకెందుకన్నారట. అప్పు చేసి సొంతంగా ఒకటి కొన్నాడు. 1999 జెనీవా షోలో అతని మొదటి కారు జోండా సీ12 వచ్చింది. మెర్సిడెస్ వి-12 ఇంజిన్ దొరకడానికి దారి చూపిందీ ఫాంజియోనే. కారుకి ఆయన పేరే పెట్టాలనుకున్నాడు. 1995లో ఆయన చనిపోవడంతో ఆ ఆలోచన మానుకుని, ఆండీస్ పర్వతాల నుంచి వీచే గాలి పేరు పెట్టాడు.

లోపల పని జరిగే చోట ఫోటోలు తియ్యనివ్వరు. మంచిదే అయింది, కళ్ళతోనే చూశాను. తెల్ల కోట్లు వేసుకున్నవాళ్ళు కార్బన్ గుడ్డను కత్తిరించి అచ్చులో పరుస్తున్నారు. రెండు ముక్కలు కలిసే చోట నేత గీతలు కారు నడిమధ్య ఎదురెదురుగా సరిగ్గా కలవాలి. మా అమ్మమ్మగారి ఊళ్ళో చీర అంచు కలిపే నేతగాళ్ళ చూపు అలాగే ఉండేది. ప్రతి టైటానియం బోల్టు తల మీదా కంపెనీ పేరు చెక్కి ఉంది, బిగించాక ఎవరికీ కనబడని బోల్టుల మీద కూడా. మ్యూజియంలో జోండా వెనక నాలుగు పొగ గొట్టాలు ఒకే వలయంలో ఇమిడి ఉండటం చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో మా తమ్ముడే చెప్పాలి.

సాంతాగాతాకి చివరగా వెళ్ళాం. 1963లో ట్రాక్టర్లు చేసే ఫెరూచో లాంబోర్గిని ఇక్కడ పొలాల్లో కార్ల ఫ్యాక్టరీ కట్టినప్పుడు వి-12 ఇంజిన్ గీసిచ్చింది ఎవరనుకున్నారు? ఫెరారీ నుంచి బయటికొచ్చిన బిజ్జారీని. మూడున్నర లీటర్లతో మొదలైన ఆ ఇంజిన్ పెరుగుతూ పెరుగుతూ 2010లో ముర్సియెలాగో అనే మోడల్ ఆగేదాకా నడిచింది. మారనెల్లోలో నేను చూసిన జీటీఓకీ, ఇక్కడి ఎద్దు గుర్తు కార్లకీ వెనక ఉన్నది ఒకే మనిషి బుర్ర. ట్రంప్ కార్డుల్లో ఈ రెండూ ఒకదాన్నొకటి ఓడించేవి, వెనక ఉన్నది ఒకే మనిషని అప్పట్లో నాకు తెలియదు.

లాంబోర్గిని మ్యూజియంలో మియూరా అనే కారు ముందుకి వచ్చేసరికి మా ఇద్దరికీ మాట పడిపోయింది. దాన్ని తయారుచేసింది కంపెనీలోని ముగ్గురు కుర్రాళ్ళు, డల్లారా, స్టాంజాని, బాబ్ వాలెస్. ఒక్కరికీ ముప్పై నిండలేదు. పని వేళలు అయ్యాక కూర్చుని, పన్నెండు సిలిండర్ల ఇంజిన్‌ను అడ్డంగా తిప్పి సీట్ల వెనక పెట్టారు. 1965 చివర టూరిన్ షోలో ఒంటి మీద రేకు లేని చాసిస్, అంటే కింది చట్రం మాత్రమే పెడితే జనం దానికే మూగారు. ఇరవై ఏడేళ్ళ మార్చెల్లో గాందీనీ దానికి ఒళ్ళు గీశాడు. 1966 మార్చికల్లా జెనీవాలో కారు సిద్ధం. పెట్రోల్ ట్యాంకు ముందు ఉండటంతో పెట్రోల్ తగ్గేకొద్దీ, స్పీడులో ముక్కు తేలికైపోయేదని చెబుతారు. ఆ లోపం నాకు తెలుసు. అయినా మోటారు చరిత్రలో ఒక్క కారుని దాచమంటే నేను దాచేది మియూరానే. కౌంటాష్ కూడా గాందీనీదే. దాన్ని వెనక్కి నడపాలంటే డోర్ పైకెత్తి, గుమ్మం మీద కూర్చుని వెనక్కి చూసుకోవాలి. 2024 మార్చిలో ఆయన పోయారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒకటి రెండు మాటలు. ఆగస్టులో వెళ్ళకండి, ఇటలీ ఫ్యాక్టరీలు సెలవులకి మూసేస్తారు, రోడ్డు మీద టెస్ట్ కార్లు కనిపించవు. పగాని, ఓంబ్రె రెండింటికీ ముందే బుక్ చేసుకోవాలి. శాకాహారులైతే పాలకూర, రికోట్టా పెట్టిన తోర్తెల్లోని అడగండి, కడుపు నిండుతుంది. సాంతాగాతాకి బస్సులు తక్కువ, కాబట్టి ఆ రోజుకి వేరే కార్యక్రమం పెట్టుకోకపోతే మంచిది. అన్నిటికన్నా ముఖ్యం, మారనెల్లో గేటు దగ్గర ఒక పూట ఊరికే నిలబడటానికి టైం ఉంచుకోండి. దానికి టికెట్ అక్కర్లేదు.