కాకినాడ నుంచి భావనపాడుకి బోటు తెచ్చిన కథ

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పాత బోటును రెండు ముక్కలు చేసింది. అప్పోసప్పో చేసి కాకినాడలో 28 అడుగుల ఫైబర్ బోటు చేయించుకున్నాం. డిసెంబరులో దాన్ని శ్రీకాకుళం జిల్లా భావనపాడు చేర్చే పని నాకూ చిన్నాన్నకూ పడింది. సముద్రం మీదే తోలుకొచ్చేద్దామని ఆయన పట్టు పట్టాడు. ఇంతలో పెథాయ్ తుపాను కబురొచ్చింది. ఆ వాదన అక్కడితో సరి.

14న ట్రైలర్ మాట్లాడి, బోటు ఎక్కించి, ఈ-వే బిల్లు, అంటే జీఎస్టీ కింద సరుకు రవాణాకి తీసే పత్రం, తీయించాం. సరుకు విలువ 50 వేలు దాటితే అది ఉండాల్సిందే. అప్పట్లో 100 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. మాది మూడొందల పైచిలుకు కాబట్టి నాలుగు రోజులు. 17న తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటేవరకు బండి యార్డులోంచి కదల్లేదు. 18 రాత్రి బయల్దేరదామంటే బిల్లు గడువు కాస్తా ఆ అర్ధరాత్రికే తీరిపోతోంది! యార్డు గుమస్తా అన్నం ముందునుంచి లేచొచ్చి మళ్ళీ తీసిచ్చాడు. ఆయన చెయ్యి ఇంకా పప్పు వాసన వేస్తోంది.

ఎక్కించడంలో మాత్రం మేం తొందరపడలేదు. అడుగున పాత లారీ టైర్లు పరిచి, బరువంతా బోటు వెన్ను మీద పడేలా దించాం. రెండు పక్కలా ఊక బస్తాలు కుక్కాం. తాడు ఒరుసుకునే చోటల్లా గోనె ముక్కలు మడిచిపెట్టాం. ఫైబర్‌తో ఇదే తంటా. మరీ బిగిస్తే అంచు లోపలికి వంగి చిట్లుతుంది, వదిలేస్తే బోటు పక్కకి జరుగుతుంది. పైన టార్పాలిన్ కప్పుదామంటే డ్రైవరన్న ఒప్పుకోలేదు. "గాలికి అది తెరచాపైపోద్ది, బండి నా చేతిలో ఉండదు" అన్నాడు. నిజమే. కానీ పైన ఏమీ కప్పని బోటు వానలో తొట్టెతో సమానమని మాలో ఒక్కడికీ తట్టలేదు.

అనకాపల్లి దాటాక బండి వెనక్కి లాగేస్తోందని డ్రైవరన్న పక్కకు ఆపాడు. టార్చి పట్టుకుని పైకెక్కితే అమరం వైపు, అంటే బోటు వెనక భాగంలో, మోకాలి లోతు నీళ్ళు. యార్డులో మూడు రోజుల వాన, ఆ పైన దారిలో కురిసింది, అంతా అందులోనే ఉంది. నీళ్ళు పోవడానికి అడుగున పెట్టిన కంతకు బిరడా బిగించి ఉంది! చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే నీళ్ళలో చెయ్యి పెట్టి తడుముకుని దాన్ని ఊడదీశాను. నీళ్ళన్నీ పోవడానికి అరగంట పట్టింది. అప్పటికి టైర్లు అణిగిపోయి తాళ్ళు వేలాడుతున్నాయి. రోడ్డు పక్కన, ఆ ఈదురుగాలిలో, అన్నీ విప్పి మళ్ళీ కట్టాం. చిన్నాన్న నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నాతవలస టోల్ గేటు దగ్గర కుర్రాడు బోటుకేసి చూసి "దీనికి కూడా కట్టాలా?" అన్నాడు, నవ్వుతూ. మడపాం దగ్గరికొచ్చేసరికి వాన తగ్గింది గానీ చలి వదల్లేదు. టీ గ్లాసు తాగడానికన్నా చేతులు కాచుకోవడానికే ఎక్కువ పనికొచ్చింది.

టెక్కలి నుంచి నౌపడ వైపు తిరిగాక అసలు టెన్షన్. రోడ్డు సన్నం, పైన కరెంటు తీగలు వేలాడుతున్నాయి. లైన్‌మన్‌కి ఫోన్ చేసి, సరఫరా ఆపానని ఆయన చెప్పాకే చిన్నాన్న ముందు నడుస్తూ ఎండు వెదురు గడతో ఒక్కో తీగా ఎత్తాడు. రెండు కిలోమీటర్లకి గంటన్నర. ఇరువైపులా ఉప్పు మళ్ళు వాన నీళ్ళతో నిండిపోయి, ఎక్కడ మడి ఉందో ఎక్కడ గట్టుందో తెలియడం లేదు.

ఇసుకలోకి ట్రైలర్ దిగదు. అందుకే పోటు వచ్చే వేళకి ఏటి ఒడ్డున ఆపించాం. ఊళ్ళోంచి ముప్పై మంది దాకా వచ్చారు. హైలెస్సా అంటూ దుంగల మీద దొర్లించి నీళ్ళలోకి తోశారు. అక్కడినుంచి అవతలి ఒడ్డుకి నీటి మీదే పోవాలి.

నలుగురం ఎక్కి గడ వేశామో లేదో పాదాలకు తడి తగిలింది.

"ఒరే, బిరడా ఏదిరా?" అన్నాడు చిన్నాన్న.

ట్రైలర్ క్యాబిన్‌లో, డ్రైవరన్న సీటు పక్కన పెట్టాను.

చిన్నాన్న మాట్లాడకుండా కంత మీద మడమ నొక్కిపెట్టి నిలబడ్డాడు. నేను నడుం లోతు నీళ్ళలోకి దూకి ఒడ్డుకేసి పరిగెత్తాను.