డీఎస్సీ ఫిజికల్ సైన్స్: ఆమ్లం, కార్బొనేట్ చర్యని ఏ రకంలో వేయాలి?

ఫ్రెండ్స్, స్కూల్ అసిస్టెంట్ లిస్టులో పేరు చూసుకున్నాక మా అత్తగారు "ఇంక ఆ పుస్తకాలు అటకెక్కించెయ్యమ్మా" అన్నారు. ఎక్కించేముందు ఒక్క టాపిక్ గురించి రాస్తాను. మెథడాలజీ, సైకాలజీ అందరిలాగే చదివాను, కొత్తగా చెప్పేదేం లేదు.

సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేట్ మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే కాల్షియం క్లోరైడ్, నీరు, కార్బన్ డయాక్సైడ్ వస్తాయని టెన్త్ పిల్లలు కూడా చెప్తారు. ఏ రకం చర్య అంటేనే గొడవ. ఒక మెటీరియల్లో ద్వంద్వ వియోగం, ఇంకోదాంట్లో తటస్థీకరణ, మరోదాంట్లో వియోగం. ఏది బట్టీ పట్టాలి?

మాది భీమవరం దగ్గర. రొయ్యల చెరువులకి చల్లే డోలమైట్ బస్తాలు ఇంట్లోనే ఉంటాయి. అదీ కార్బొనేటే, కాల్షియం, మెగ్నీషియం రెండూ ఉన్నది. గుప్పెడు పొడి బడికి తీసుకెళ్లి, సజల ఆమ్లం పోసి, వచ్చిన వాయువుని సున్నపుతేటలోకి పంపించాను. తేట పాలలా అయింది. ఓ పిల్లాడు గొట్టం తియ్యకుండా అలాగే ఉంచేస్తే మళ్లీ తేటపడింది, బైకార్బొనేట్ అయ్యి కరిగిపోయిందన్నమాట. ఇదంతా వివరించడానికి బోర్డు మీద చర్యని రెండు మెట్లుగా విడదీశాను, అక్కడ నాకే చిక్కు వీడింది. మొదటి మెట్టులో అయాన్లు జతలు మార్చుకుని లవణం, కార్బోనిక్ ఆమ్లం ఏర్పడతాయి. ఇది ద్వంద్వ వియోగం. ఆ కార్బోనిక్ ఆమ్లం నిలవదు, నీరుగా, వాయువుగా విడిపోతుంది. ఇది వియోగం. కార్బొనేట్ క్షారంలా పనిచేసింది కాబట్టి తటస్థీకరణ అన్నా ఒప్పే. మూడు మెటీరియళ్లూ తలో ముక్కా పట్టుకున్నాయి, అంతే.

రెడాక్స్ (ఆక్సీకరణ-క్షయకరణ) ఆప్షన్ మాత్రం నిస్సంకోచంగా కొట్టేయండి. కార్బన్ ఆక్సీకరణ సంఖ్య అటూ ఇటూ +4 యే. అదే ఆమ్లంలో మెగ్నీషియం ముక్క వేసినా బుడగలొస్తాయి, కానీ అది హైడ్రోజన్. స్థానభ్రంశం, రెడాక్స్ కూడా. పాలరాయి మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే కాసేపు పొంగి ఆగిపోతుంది, కాల్షియం సల్ఫేట్ పొర కప్పేస్తుంది కాబట్టి. వేగం తగ్గింది గానీ రకం మారలేదు. ఇంకో మెలిక: పొడిసున్నంలో నీళ్లు పోస్తే సంయోగం. సంక్రాంతికి గోడలకి వేసిన వెల్ల గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో గట్టిపడటం సంయోగం కాదు, అక్కడ నీరు కూడా బయటికొస్తుంది.

డీఎస్సీ కోచింగ్‌కి అవనిగడ్డ వెళ్లకుండా ఉద్యోగం రాదన్నవాళ్లకి ఒక మాట. చంటిపిల్లని వదిలి హాస్టల్లో ఉండటం నావల్ల కాలేదు, అందుకని నేను తక్కువ చదివినట్టు కాదు. తెల్లారకుండా లేచి, ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసి చదివాను. రీల్స్ చూస్తూ టైం చాలట్లేదనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఏమనుకోకండి.

ఆప్షన్లలో ద్వంద్వ వియోగం, తటస్థీకరణ రెండూ ఉంటే ప్రశ్న మళ్లీ చదవండి. అయాన్ల మార్పిడి అడిగితే మొదటిది, ఆమ్ల క్షార స్వభావం అడిగితే రెండోది. పరీక్ష ఆన్సర్ కీ మీద అభ్యంతరం పెట్టాల్సొస్తే ప్రభుత్వ పాఠ్యపుస్తకం పేజీనే జతచెయ్యండి, కోచింగ్ నోట్సు కాదు.