అమ్మ తర్వాతి వంతు

ఆదివారం. పొద్దున దోసెలు, మధ్యాహ్నం ఇస్త్రీ బట్టలు. వాటి గురించి రాయడానికేమీ లేదు. సాయంత్రం మాత్రం ఒకే గదిలో కూర్చుని నలుగురం నాలుగు ఫోన్లలో ఒకే ఆట ఆడాం.

మేనకోడలు కొత్తగా డౌన్‌లోడ్ చేసింది. జతలు కలిపే పాత ముక్కలాటే, కాస్త హంగు చేశారు. 36 ముక్కలు బోర్లించి ఉంటాయి. మన వంతుకి రెండు తిప్పాలి. జత కలిస్తే మనదే, ఇంకో వంతు కూడా. కలవకపోతే మళ్లీ మూసుకుంటాయి, కానీ ఈలోగా అందరూ చూసేస్తారు. బొమ్మలన్నీ నిప్పు, నీరు, గాలి, మట్టి స్పిరిట్లు, ఒక్కోదానికి నాలుగైదు రూపాలు. గాలి జత దొరికినవాళ్లు మూసి ఉన్న రెండు ముక్కల చోట్లు మార్చేయొచ్చు. ఇది మాత్రం అన్యాయం. అమ్మ కళ్లజోడు సర్దుకుని, "నాలుగే ఉన్నాయేమిటే, ఆకాశమేది?" అంది. ఇలాంటి ఆటల్లో ఎక్కువగా గ్రీకుల లెక్కే నడుస్తుంది, మన పంచభూతాలది కాదు.

తమ్ముడు అవధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడిలా తయారయ్యాడు. ఎవరి వంతు వచ్చినా కరెంటు బిల్లో, క్రికెట్టో ఎత్తుకుంటాడు. అమ్మకి అదేం పట్టలేదు. నేను మాత్రం మట్టి ముసలాడు ఎక్కడున్నాడో రెండుసార్లు వెతుక్కున్నాను.

మేనకోడలి ఆట వేరు. కొత్త ముక్క ఒకటి తిప్పింది, నీటి పిల్ల. దాని జత ఇంకా ఎవరికీ కనబడలేదు. రెండోదిగా అందరూ చూసేసిన నిప్పు ముక్కనే మళ్లీ తిప్పింది. "అదేంటే, మర్చిపోయావా?" అని వాళ్ల నాన్న నవ్వాడు. మర్చిపోవడమా! మొదట్లో గుడ్డిగా తిప్పితే జత తగిలే అవకాశం 35లో ఒకటి. రెండోదీ కొత్తదే తిప్పి జత తగలకపోతే, ఆ సమాచారం మన తర్వాతివాళ్లకి ఉచితం. పైగా అది అంతకుముందు చూసినదాని జతే అయితే, వాళ్ల చేతిలో పెట్టినట్టే. ఊరీ జ్విక్, మైఖేల్ ప్యాటర్సన్ అనే ఇద్దరు కంప్యూటర్ సైన్సు వాళ్లు 1993లో ఈ ఆట మీద ఏకంగా ఒక పరిశోధనా పత్రమే రాశారు. ఇద్దరు ఆటగాళ్లు, చూసింది ఎప్పుడూ మరవనివాళ్లు అనుకుని లెక్క కట్టారు. తెలిసిన ముక్కనే కావాలని మళ్లీ తిప్పడం చాలాసార్లు మంచి ఎత్తని తేల్చారు. ఈ పిల్ల దాన్ని చదివి ఉండదు. తనంతట తానే పట్టేసింది.

చిక్కేమిటంటే, ఆ కిటుకు తమ్ముడికీ అర్థమైపోయింది. ఇక తండ్రీకూతుళ్లిద్దరూ పాత ముక్కలే తిప్పుతూ కూర్చున్నారు. ఆట ముందుకు కదలదే! అమ్మ ఒక్కతే ప్రతిసారీ రెండూ కొత్తవే తెరిచేది. "మూసిపెట్టుకుంటే ఇంక ఆడటం దేనికి?" అని ఆవిడ వాదన. నాకూ అదే నచ్చుతుంది. నచ్చడానికి ఇంకో కారణం కూడా ఉంది. వంతుల వరసలో అమ్మ తర్వాత నేనే. ఆవిడ తెరిచిన జతలన్నీ తీరిగ్గా ఏరుకున్నాను. మట్టి ముసలాడు కూడా అలాగే దొరికాడు.

"అత్తా, నువ్వు గెలిచింది జ్ఞాపకశక్తితో కాదు, కూర్చున్న చోటుతో" అని మేనకోడలు ఉడుక్కుంది. నిజమే, కాదనలేదు. వచ్చే ఆదివారం వంతుల వరసకి చీట్లు వేయాలట. వాళ్ల నానమ్మ తర్వాతి చోటు కోసం వాళ్ల నాన్న అప్పుడే బేరం మొదలుపెట్టాడు.